పగడాన్ని కరిగించి పగడాన్ని పెంచే యంత్రం

పగడపు అక్వేరియానికి కాల్షియం అందించే కాల్షియం రియాక్టరు పనిచేసే సూత్రమంతా బడి ప్రయోగశాలలోని ఒక పరీక్షనాళికలో ఇమిడి ఉంది. సున్నపు తేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే అది పాలలా తెల్లబడుతుంది. చాలా తరగతుల్లో ప్రయోగం అక్కడితో ముగుస్తుంది. వాయువును ఆపకుండా పంపుతూ పోతే అసలు విశేషం అప్పుడు కనిపిస్తుంది. తెల్లదనం మెల్లగా విరిగి నీరు మళ్లీ తేటపడుతుంది. మొదట వాయువు సున్నంతో కలిసి కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారింది. వాయువు మోతాదు మించేసరికి ఆ కార్బొనేటే కరిగిపోయే బైకార్బొనేట్ అయింది. బొర్రా గుహలను తొలిచింది ఈ రెండో చర్యే. గుహ కప్పు నుంచి దిగే చుక్కలోని వాయువు గాలిలో కలిసిపోగానే అదే చర్య వెనక్కి తిరుగుతుంది, చుక్క వదిలిన కార్బొనేట్ పొరలు పొరలుగా పేరుకుని రాతి ఊడలవుతుంది. ఇంట్లో పెట్టుకునే పగడపు అక్వేరియానికి కాల్షియం అందించే పాత పద్ధతులు రెండు. ఒకటి సున్నపు తేటను నేరుగా వాడుకుంటుంది, రెండోదైన రియాక్టరు సున్నపురాతిని వాయువుతో కరిగిస్తుంది.

రాతి పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆల్కలినిటీ, అంటే ప్రధానంగా బైకార్బొనేట్, కార్బొనేట్‌ల నిల్వ, లీటరుకు 2.3 మిల్లీ ఈక్వివలెంట్ల దగ్గర ఉంటుంది. పగడం ఈ రెండింటినీ ఒకే నిష్పత్తిలో లాగుతుంది. లీటరు నీటిలో 20 మిల్లీగ్రాముల కాల్షియం తగ్గితే ఆల్కలినిటీ ఒక మిల్లీ ఈక్వివలెంట్ తగ్గుతుంది. అంటే కాల్షియంలో ఇరవయ్యో వంతు పోయేసరికి ఆల్కలినిటీ దాదాపు సగం హరించుకుపోతుంది. పరికరం పేరు కాల్షియం రియాక్టరే గాని, అక్వేరియంలో ముందుగా అడుగంటేది ఆల్కలినిటీ. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు సాగుచేసేవారికి ఈ లెక్క కొత్తది కాదు. రొయ్య పాత పెంకు వదిలి కొత్తది గట్టిపరచుకునే రోజుల్లో చెరువుకు సున్నమో డోలమైటో చల్లేది ఈ నిల్వ కోసమే.

సున్నపు తేటను పగడాల పెంపకంలో స్థిరపరచిన వాడు పీటర్ విల్కెన్స్. 1970లలో ఆయన ప్రచారం చేసిన ఈ పద్ధతిని ప్రపంచమంతా నేటికీ జర్మన్ పేరుతో కాల్క్‌వాసర్ అంటుంది. కిళ్లీ కొట్లో తమలపాకుకు రాసే సున్నం, గోడకు వేసే సున్నం, ఈ తేటలోని సున్నం రసాయనికంగా ఒకటే పదార్థం. అయితే బట్టీలో కాల్చిన గుల్ల సున్నంలోనూ రాతి సున్నంలోనూ ఫాస్ఫేట్, మెగ్నీషియం వంటి మలినాలు ఉండే వీలుంది కాబట్టి, అక్వేరియానికి ప్రయోగశాల స్థాయి కాల్షియం హైడ్రాక్సైడ్ వాడడమే మేలు.

ఈ పద్ధతిలోని తెలివి ఆవిరిలో ఉంది. అక్వేరియం నుంచి రోజూ కొంత నీరు ఆవిరైపోతుంది. పోయేది మంచినీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. ఆ లోటును మంచినీటికి బదులు సున్నపు తేటతో పూడుస్తారు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 1.6 గ్రాముల సున్నం కరుగుతుంది. అలాంటి నిండు తేట ఒక లీటరులో 800 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 40 మిల్లీ ఈక్వివలెంట్ల ఆల్కలినిటీ ఉంటాయి. నూరు లీటర్ల తొట్టెలో అది చేరితే లీటరుకు 8 మిల్లీగ్రాముల కాల్షియం, 0.4 మిల్లీ ఈక్వివలెంట్ల ఆల్కలినిటీ పెరుగుతాయి. పగడం లాక్కున్న నిష్పత్తిలోనే రెండూ తిరిగి చేరతాయి. అందుకే తేట పోసే తొట్టెలో ఒకటి ఎక్కువై ఇంకొకటి తక్కువయ్యే చిక్కు రాదు. తేట పీహెచ్ 12.4 కాబట్టి ఒక్కసారిగా పోస్తే జీవులు చస్తాయి. చుక్కచుక్కగా, అదీ రాత్రిపూట వదలాలి. దీపాలు ఆరాక కిరణజన్య సంయోగక్రియ ఆగుతుంది, శ్వాసక్రియ వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలో పోగై పీహెచ్ పడిపోతుంది. తేట ఆ వాయువును పట్టుకుని బైకార్బొనేట్ చేస్తుంది. రొయ్యల చెరువులో పీహెచ్ తెల్లవారుజామున అట్టడుగుకు దిగి సాయంత్రానికి పైకి లేచేదీ ఇదే కారణంతో.

తేటకు ఒక హద్దు ఉంది. ఎంత నీరు ఆవిరైతే అంతే పోయగలం. రాతి పగడాలు కిక్కిరిసిన పెద్ద తొట్టెలో రోజుకు లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ దాకా ఆల్కలినిటీ ఖర్చు కావచ్చు. అంత ఖర్చుకు ఆవిరి చాలదు. ఈ హద్దును దాటడానికే 1990లలో జర్మనీలో కాల్షియం రియాక్టరు పుట్టింది. డ్యూసెల్‌డార్ఫ్‌లోని లొబ్బెకె మ్యూజియం అక్వేరియంలో పనిచేసిన రోల్ఫ్ హెబ్బింగ్‌హౌస్ పేరు దీనితో ముడిపడి ఉంది.

నిలువు గొట్టం నిండా చచ్చిన పగడపు ముక్కలు ఉంటాయి. చిన్న పంపు ఒకటి లోపలి నీటిని ఆ ముక్కల గుండా తిప్పుతూనే ఉంటుంది. సిలిండరు నుంచి కార్బన్ డయాక్సైడ్ సూది వాల్వు దాటి, బుడగలు లెక్కపెట్టే చిన్న గదిలోంచి ఒక్కొక్క బుడగగా వచ్చి ఆ నీటిలో కలుస్తుంది. లోపలి పీహెచ్ 6.5 దగ్గరకు దిగుతుంది. ఆ పులుపులో పగడపు ముక్కల ఉపరితలం కరిగి కాల్షియం, బైకార్బొనేట్ విడుదలవుతాయి. ఒక పక్క నుంచి అక్వేరియం నీరు సన్నగా లోపలికి వస్తుంటే, మరో పక్క నుంచి ఖనిజాలు నిండిన నీరు చుక్కలుగా బయటికి పోతుంది. సజీవ పగడం బైకార్బొనేట్‌ను తీసుకుని కార్బొనేట్ కట్టి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రియాక్టరు ఆ చర్యనే అక్షరాలా తిరగదిప్పుతుంది. ముడిసరుకు కూడా పగడమే గనుక స్ట్రాన్షియం, మెగ్నీషియం వంటివి సరిపడా పాళ్లలో తమంత తామే వచ్చి చేరతాయి. అక్వేరియం పరికరాల్లో ఇంతకన్నా అందమైన ఆలోచన మరొకటి లేదు.

దాని లోపం కూడా ఆ అందంలోనే ఉంది. కరిగించడానికి వాడిన వాయువు అంతా చివరికి తొట్టెలోకే చేరుతుంది. కొంత నీటి చుక్కల్లో మిగులుగా వస్తుంది, మిగతాది పగడం అస్థిపంజరం కట్టుకునేటప్పుడు బయటపడుతుంది. అందుకే రియాక్టరు మీద ఆధారపడిన తొట్టెల్లో పీహెచ్ 8కి కిందుగా ఉండిపోతుంటుంది. సున్నపు తేట దీనికి పూర్తిగా ఎదురు. ప్రతి సున్నపు అణువూ రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులను మింగుతుంది, పగడం అందులో ఒకదాన్నే తిరిగి వదులుతుంది. తేట మనుషులు, రియాక్టరు మనుషులు ఏళ్ల తరబడి వాదించుకున్నది ఈ తేడా మీదే. ఆఖరుకు పెద్ద తొట్టెలవారు రెండూ కలిపి పెట్టారు. పగలూ రాత్రీ రియాక్టరు ఖనిజం ఇస్తుంటే, రాత్రి తేట దాని మిగులు వాయువును తుడిచేస్తుంది.

నూరు లీటర్ల తొట్టెకు మాత్రం రియాక్టరు తగదు. అవసరం అంత చిన్నదైతే వాయువును కొన్ని సెకన్లకొక బుడగ చొప్పున, నీటిని కొద్దిపాటి చుక్కలుగా నిలకడగా వదలాలి. అంత సన్నని ధారకు గొట్టం పూడుకుపోతుంది, సూది వాల్వు కుదురుగా నిలవదు. వాల్వు జారితే నూరు లీటర్ల నీటికి ఆ దెబ్బ తట్టుకునే నిల్వ ఉండదు.

వడపోత చరిత్ర కూడా ఈ కథకు పక్కనే నడిచింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లు, గాలి బుడగలు తప్ప మరే యంత్రమూ లేకుండా పగడాలను బతికించిన తీరును ప్రకటించాడు. 1986లో జార్జ్ స్మిట్ నీరు జాలువారే వడపోత పెట్టెకు పేరు తెచ్చాడు. ఆ పెట్టెలోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చి అక్కడితో ఆగుతుంది, నైట్రేట్ పోగుపడుతుంది. బెర్లిన్ అభిరుచిపరులు అలాంటి పెట్టె లేకుండా, లీ వాడినట్టే రాళ్ల మీద ఆధారపడి, వాటికి బలమైన ప్రోటీన్ స్కిమ్మర్‌ను జతచేశారు. రాతి లోపల ఆక్సిజన్ అందని పొరల్లోని బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి పంపేస్తుంది. స్కిమ్మర్ అంతకన్నా ముందే పని మొదలుపెడుతుంది. సన్నని గాలి బుడగల అంచులకు ప్రోటీన్లు అంటుకుని నురగగా పైకి తేలతాయి. బెల్లం వండేటప్పుడు మరిగే రసం మీద తేలిన తెట్టును తీసిపారేసినట్టు, ఆ నురగ పై కప్పులోకి పొంగి బయటికి పోతుంది. కుళ్లకముందే మలినం తొలగిపోతుంది గనుక కాల్షియం పరికరానికీ మేలే. మలినం కుళ్లి నీటిలో ఫాస్ఫేట్ పెరిగితే అస్థిపంజరం కట్టడం మందగిస్తుంది. స్కిమ్మర్ గాలిని కలుపుతూ మిగులు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వెళ్లగొడుతుంది. చిన్న తొట్టెలో డబ్బు ఖర్చుపెట్టవలసిన మొదటి పరికరం ఇదే.

రేపల్లె వైపే, కృష్ణకు దగ్గర్లో ఉన్న కొల్లూరు వంటి ఊళ్లో తొట్టె పెట్టుకుంటే, ఎంపికను నీరు, ఎండ, కరెంటు నిర్ణయిస్తాయి. తీరం వైపు పోయేకొద్దీ భూగర్భజలం ఉప్పు తిరుగుతుంది. బోరు నీటిలోని నైట్రేట్, సిలికేట్‌లతో తొట్టె నిండా నాచు పట్టవచ్చు. ఆర్వో నీటినే వాడాలి, వీలైతే అయాన్లను తొలగించే గొట్టం కూడా దాటించాలి. నదీముఖం దగ్గరి సముద్రపు నీటిలో బురద ఎక్కువ, వరదల్లో ఉప్పదనం పడిపోతుంది. లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవడం నయం. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి, 30 దాటితే చాలా జాతులు వెలిసిపోతాయి. మే నెలలో ఫ్యాను ఒకటి నీటి మీదికి తిప్పితే ఆవిరి పెరుగుతుంది. ఒక లీటరు ఆవిరి కావడానికి పట్టే వేడి నూరు లీటర్ల నీటిని దాదాపు 6 డిగ్రీలు చల్లార్చేంత. గది వేడి అందులో చాలా భాగాన్ని తిరిగి ఇచ్చేస్తుంది, తీరపు ఉక్క ఆవిరిని అడ్డుకుంటుంది. అయినా పోయిన ప్రతి లీటరూ సున్నపు తేటకు చోటు ఇస్తుంది. కరెంటు పోయినప్పుడు పంపు, స్కిమ్మర్ ఇన్వర్టరు మీద నడవాలి.

నీరు, కరెంటులతో పాటు చట్టాన్నీ చూసుకోవాలి. రాతి పగడాలను 2001లో మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి గాని, లక్షద్వీప్ నుంచి గాని, అండమాన్ నుంచి గాని పగడాన్ని, పగడపు రాతిని తేవడం నేరం. ఇంటి తొట్టెకు రంధ్రాలున్న సిరామిక్ రాయి మీద బాక్టీరియాను పెంచుకోవాలి. రాళ్ల మీద పాకే గులాబిరంగు సున్నపు నాచు, గుల్లలు కట్టే నత్తలు కూడా కాల్షియాన్నే తింటాయి, తేట అవసరం వాటికీ ఉంది.

1990లలోనే హాన్స్ వెర్నర్ బాలింగ్ మరో దారి చూపాడు. కాల్షియం క్లోరైడ్ ఒక సీసాలో, సోడియం బైకార్బొనేట్ మరో సీసాలో పెట్టి విడివిడిగా పోయడం అది. రెండూ కలిశాక మామూలు ఉప్పు మిగులుతుంది కాబట్టి, సోడియం క్లోరైడ్ లేని సముద్రపు ఉప్పును మూడో సీసాగా జతచేసి అయాన్ల పాళ్లు సరిచేశాడు. చవకైన డోసింగ్ పంపులు వచ్చాక చిన్న తొట్టెల్లో ఇది వేగంగా పాకింది. ఆవిరి చాలని రోజుల్లో కొల్లూరు తొట్టెకూ ఇదే అక్కరకొస్తుంది. ఏది వాడినా ఆల్కలినిటీని రోజూ ఒకే వేళకు కొలవాలి. అది 2.5 నుంచి 3.5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య కదలకుండా ఉండేటట్టు చుక్కల వేగాన్ని కొద్దికొద్దిగా సర్దుకోవాలి.