చిత్తు బొమ్మలకూ బీరువాలో ఒక అర

కోనరావుపేట: బొమ్మలు వేసే పిల్లవాడు లేని బడి ఉండదు. లెక్కల నోటుపుస్తకం వెనుక పేజీలే వాడికి చిత్రశాల. పరీక్షలు కాగానే ఆ పుస్తకం కాస్తా తూకానికి పోతుంది.

అటువంటి పుస్తకాలకే అమెరికాలో ఒక గ్రంథాలయం ఉండేది. 2006లో అట్లాంటాలో మొదలై, తరువాత న్యూయార్కులోని బ్రూక్లిన్‌కు మారిన ‘స్కెచ్‌బుక్ ప్రాజెక్ట్’ కొంత రుసుముపై ఖాళీ పుస్తకం పంపేది. పేరున్న చిత్రకారుడా, బడిపిల్లవాడా అన్న విచారణ లేదు. నింపి తిరిగి పంపితే బీరువాలో దాచి, వచ్చినవారి చేతికిచ్చి చూపేవారు. కొట్టివేతలు, సగంలో ఆగిన గీతలతో సహా! వందకు పైగా దేశాల నుంచి పుస్తకాలు చేరాయి. 2022లో తరలిస్తుండగా వాహనానికి నిప్పంటుకుని వేల పుస్తకాలు నష్టపోయాయి. 2023లో ప్రాజెక్టే మూతపడింది. అన్నీ ఒకే చోటికి చేర్చితే వచ్చే ముప్పు అది.

మన బొమ్మలు అంత దూరం పోనక్కరలేదు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం చిత్రాల్లో, పెద్ద కుంకుమబొట్టుతో కనిపించేది ఈ పల్లెల ఆడవారే. ఆయన పూర్తి చేసిన చిత్రాలు లోకమంతా చూసింది. ఆ చేయి గీత నేర్చిన దారి చూసినవారు కొందరే.

ప్రతి ఊరి బడి బీరువాలో ఒక అర ఖాళీ చేస్తే చాలు. తెల్లకాగితాలు కుట్టి పుస్తకాలు చేసి పంచవచ్చు. పిల్లలకే కాదు, నేతపనివారికీ, ముగ్గులు వేసే ఆడపడుచులకూ ఇవ్వాలి. వాకిట్లో ముగ్గు మరునాటికి ఉండదు గదా! అట్టపై పేరు, ఊరు, తేదీ తప్పక రాయించాలి. చెదలు పట్టకుండా ఏడాదికి రెండుసార్లు ఎండబెట్టాలి. మొదటి పుస్తకం మాస్టారే నింపి ఇస్తే పిల్లలు జంకరు.