లీటరు నూనె కిలో ఎందుకు తూగదు?

వంటనూనె ప్యాకెట్‌ని ఎప్పుడైనా గమనించారా? చాలా వాటిపై '1 లీటరు' అని, పక్కనే '910 గ్రాములు' అని ఉంటుంది. మరి మిగతా 90 గ్రాములు ఏమైనట్టు?

ఎక్కడికీ పోలేదు! లీటరు చెప్పేది నూనె ఎంత చోటు ఆక్రమిస్తుందో. గ్రాములు చెప్పేది అది ఎంత బరువుందో. లీటరు నీళ్లు దాదాపు కిలో తూగుతాయి. నూనె అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. అవి నీటి అణువుల్లా ఒత్తుగా సర్దుకోలేవు. అందుకే అంతే చోటులో నూనె బరువు తక్కువ. అది నీళ్లమీద తేలేదీ అందుకే. తేనెలో నీరు తక్కువ, చక్కెరలు ఎక్కువ. కాబట్టి లీటరు తేనె సుమారు 1,400 గ్రాములు తూగుతుంది. పాలు 1,030 గ్రాముల దాకా ఉంటాయి.

ఒక మిల్లీలీటరు ఎన్ని గ్రాములో చెప్పేదే సాంద్రత. నీటికి 1, నూనెకు 0.91, పాలకు 1.03, తేనెకు 1.4.

లెక్క ఎలా?

మిల్లీలీటర్లను సాంద్రతతో గుణిస్తే గ్రాములు వస్తాయి. 200 మిల్లీలీటర్ల నూనె అంటే 200 × 0.91 = 182 గ్రాములు.

గ్రాములను సాంద్రతతో భాగిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 280 గ్రాముల తేనె అంటే 280 ÷ 1.4 = 200 మిల్లీలీటర్లు.

నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, కొలత పెరుగుతుంది. బరువు మాత్రం మారదు. అందుకే కచ్చితత్వం కావాలంటే తూకమే మేలు.

ఇంట్లో చిన్న త్రాసు ఉంటే ఒకే గ్లాసుతో నీళ్లు, నూనె తూచి చూడండి. తేడా మీకే తెలుస్తుంది!