ఛాతీ కొయ్యకుండానే గుండెకు వైద్యం

"గుండెకు బ్లాకులున్నాయి" అని డాక్టరు చెప్పగానే మనోళ్లు అడిగే మొదటి మాట వైద్యం గురించి కాదు. "ఛాతీ కోస్తారా? మళ్లీ డ్యూటీకి పోవచ్చా? వీసా ఉంటదా?" అనే అడుగుతారు. ఊళ్లో అప్పు తీరకముందే, చెల్లె పెళ్లి కాకముందే పని పోతుందన్న భయంతో నొప్పిని లోపలే దాచుకునేవాళ్లు గల్ఫ్ క్యాంపుల్లో తక్కువేం కాదు. సైట్ల మీద సూపర్‌వైజర్లుగా ఉన్న మాకు ఇది తెలిసిన సంగతే. నిజానికి ఇప్పుడు గుండె బ్లాకులున్న వాళ్లందరికీ ఛాతీ కోయాల్సిన అవసరం లేదు. ఆ వివరాలు మనందరికీ తెలిసి ఉండాలి.

జామైన పైపు, కొత్త లైను

గుండె కండరానికి రక్తం అందించే నాళాలను కరోనరీ ధమనులంటారు. వాటి గోడల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. బరువు మోసినా, మెట్లెక్కినా ఛాతీలో పట్టేసినట్టుండి, కూర్చుంటే తగ్గుతుంది. ఆ కొవ్వు పొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే అదే గుండెపోటు.

1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనే ఫవలోరో అనే సర్జన్ కాలి సిరను తీసి గుండెకు అతికే బైపాస్ ఆపరేషన్‌కు దారి వేశారు. మన పని భాషలో చెప్పాలంటే, జామైన పైపును వదిలేసి పక్కనుంచి కొత్త లైను లాగడమే. దీనికి ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోయాలి. చాలాసార్లు గుండెను కాసేపు ఆపి, ఆ పనిని మెషిన్‌తో చేయిస్తారు. ఎముక గట్టిపడి బరువులెత్తాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. మనోళ్ల భయమంతా దీని గురించే.

మణికట్టు నుంచి గుండెదాకా

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే డాక్టరు, మెలకువగా ఉన్న 38 ఏళ్ల రోగి గుండె ధమనిలోకి సన్నని గొట్టం పంపి, దాని చివరనున్న చిన్న బెలూన్‌ను ఉబ్బించి దారి తెరిచారు. అదే యాంజియోప్లాస్టీ. తెరిచిన దారి మళ్లీ మూసుకుపోకుండా లోపల నిలబెట్టే లోహపు జాలీ, అంటే స్టెంట్, 1986లో వచ్చింది. మొదట్లో గొట్టాన్ని తొడ దగ్గరి ధమని నుంచి పంపేవారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనై మణికట్టు నుంచి చేసి చూపించారు. ఇప్పుడు చాలాచోట్ల మణికట్టే మొదటి దారి. రక్తస్రావం తక్కువ, రోగి త్వరగా లేచి కూర్చుంటాడు.

మన తెలుగు గడ్డకూ ఇందులో పాత్ర ఉంది. 1990లలో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో దొరికే 'కలాం-రాజు స్టెంట్' తయారీకి పూనుకున్నారు. ఒకప్పుడు మనదేశంలో మందుపూత స్టెంట్ ధర లక్ష దాటేది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి పెట్టి మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలుగా నిర్ణయించింది. తర్వాత ఈ ధరలు కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి.

చిన్న కోతతో బైపాస్

బైపాస్‌లోనూ చిన్న దారులొచ్చాయి. ఛాతీ ఎముక జోలికి పోకుండా, ఎడమవైపు పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి, గుండె కొట్టుకుంటుండగానే ఛాతీ లోపలి ధమనిని గుండె ముందు భాగపు ధమనికి కలుపుతారు. కొన్ని ఆస్పత్రుల్లో రోబో సాయమూ తీసుకుంటారు. కోలుకోవడం త్వరగా ఉంటుంది. అయితే ఇది అన్ని బ్లాకులకూ కుదరదు, చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి.

కోత చిన్నదైనంత మాత్రాన అదే మంచి వైద్యమని అనుకోవద్దు. షుగరుండి రెండు మూడు ధమనుల్లో బ్లాకులున్నవాళ్లకు స్టెంట్ల కంటే బైపాసే ఎక్కువ మేలు చేసిందని 2012లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. గుండెపోటు రాకుండా, నిలకడగా నొప్పి ఉన్న చాలామందికి మందులతో మొదలుపెట్టినా ప్రాణానికి ముప్పు పెరగలేదని 2020లో అచ్చయిన మరో అధ్యయనం చెప్పింది. కాబట్టి డాక్టర్ని అడగాల్సింది "కోస్తారా, కొయ్యరా" అని కాదు. "నా బ్లాకులు ఎన్ని, ఎక్కడున్నయి, నాకు ఏది ఎక్కువకాలం పనికొస్తది?" అని.

నొప్పి మొదలైతే గడియారం చూడాలి

గుండెపోటులో పూర్తిగా మూసుకున్న ధమనిని ఆస్పత్రికి చేరిన 90 నిమిషాల్లోపు తెరవాలన్నది డాక్టర్ల లక్ష్యం. ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. రూమ్‌లో మాత్రం "గ్యాస్ అయ్యుంటది, సోడా తాగి పడుకో అన్నా" అంటాం. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం ఉంటే ఫోర్‌మన్ కోసమో తెల్లారడం కోసమో ఆగొద్దు. అంబులెన్స్‌కు యూఏఈలో 998, సౌదీలో 997, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999 నొక్కాలి. "ఊరికి పోయి చూపించుకుంటా" అని నొప్పితో ఫ్లైట్ ఎక్కడం ప్రాణాలతో ఆట.

గోలీలు ఆపితే మొదటికే మోసం

మా క్యాంపులో 2019లో ఒక షట్టరింగ్ కార్పెంటర్‌కు గుండెపోటు వస్తే మణికట్టు నుంచే స్టెంట్ వేశారు. నాలుగో రోజుకు రూమ్‌కి వచ్చాడు. మూడు నెలలకు సెలవు మీద జగిత్యాల దగ్గరి ఊరికి పోయాడు. తెచ్చుకున్న గోలీలు అయిపోయాయి, నొప్పి లేదు కదా అని మళ్లీ కొనలేదు. రెండు వారాలకే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది గానీ గుండె బలహీనమైంది, మళ్లీ గల్ఫ్ రాలేకపోయాడు.

స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల గోలీలు రాస్తారు. గుండెపోటు తర్వాతైతే మామూలుగా ఏడాది పాటు. అందులో ఒకటి ఆ తర్వాత కూడా వాడాల్సి ఉంటుంది. పన్ను పీకించుకోవాలన్నా సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్ని అడగాలి. సెలవుకు పోయేముందు సరిపడా గోలీలు, చీటీ, యాంజియోగ్రామ్ సీడీ, డిశ్చార్జ్ సమ్మరీ బ్యాగులో పెట్టుకోవాలి. బీడీ, సిగరెట్ మానకపోతే స్టెంట్ ఉన్నా కొత్తచోట బ్లాకు పడుతుంది. బరువు పనికి ఎప్పుడు పోవచ్చో డాక్టరు చేత రాయించుకుని, ఆ కాగితం చూపి కొన్నాళ్లు తేలిక డ్యూటీ అడగాలి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకూ ఈ సంగతులు చెప్పండి. అంబులెన్స్ నంబరు రూమ్ తలుపు మీద ఇవాళే రాసిపెట్టండి.