ఇంటి వర్తకమునకు గమ్యము



మన ఎడ్లపాటి ప్రాంతమున ప్రత్తి, మిరప, పొగాకులను పండించువారేగాక వానిని కొని యమ్ము కుటుంబములును కలవు. వంకాయలపాటి సుగంధద్రవ్యముల పార్కు మన మండలమందే యున్నది. తండ్రి స్థాపించిన వర్తకమును కొడుకులు నడపుట యిచట సర్వసాధారణము. అట్టి యింట "వర్తకము బాగుగ నుండుట యననేమి?" అని యడిగి చూడుడు. అప్పు లేకుండుట యని తండ్రి యనును. రెండవ దుకాణము తెరచుట యని పెద్దకొడుకు, పిల్లలకు పట్టణపు చదువని చిన్నకొడుకు ననుదురు. ఈ మూడును పొసగనిచోట లాభము వచ్చినను పాలుపంపకముల పోరు తప్పదు. కావున విజయమననేమో ముందు నిర్ణయించుకొనవలెను.

తర్కమున సాధ్యము వేరు, సాధనము వేరు. వర్తకమున ధనము సాధనము. సాధ్యమును యజమానుడే యేర్పరచుకొనవలెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణా మండలమందలి ఎలకుర్రున 1867లో జన్మించిరి. బొంబాయిలో 1893లో అమృతాంజనమును నెలకొల్పి ధనము గడించిరి. కాని వారి దృష్టి ధనముతో నాగలేదు. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలోను, 1914లో దినపత్రికగా మద్రాసులోను వెలువరించిరి. 1924లో భారతిని స్థాపించిరి. మందు సాధనము, భాషాసేవ సాధ్యము. 1938లో వారు గతించిన పిదప అల్లుడగు శివలెంక శంభుప్రసాదుగారు భారము వహించిరి. పత్రిక 1991లో నిలిచిపోయినది. మందు నేటికిని అమ్ముడుపోవుచున్నది. ఒక తరమువారి గమ్యము మరియొక తరమునకు దానంతట నిలువదు. ప్రతి తరమును దానిని మరల విచారించుకొనవలెనని దీని తాత్పర్యము.

ఇక గమ్యము నేర్పరచు విధము. "వర్తకము పెంచవలెను" అనునది కోరిక మాత్రమే. "రెండేండ్లలో వడ్డీ యప్పు సగము తీర్చవలెను, ఈ పని పెద్దవాడు చూడవలెను" అనునది గమ్యము. దానికి కొలత, గడువు, బాధ్యుడు అను మూడును ఉండవలెను. ఇంటి ఖర్చు వేరు, దుకాణపు ఖర్చు వేరుగా చిట్టా వ్రాయవలెను. దుకాణమున పనిచేయు కొడుకునకు జీతము కట్టి, పెట్టుబడికి వడ్డీ తీసివేసిన పిదప మిగిలినదే నిజమైన లాభము. అట్లు లెక్కించినచో లాభమనుకొన్నది కొన్నియెడల కూలిమాత్రమే యని తేలును.

2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము ననుసరించి ఉమ్మడి యాస్తియందు కుమార్తెకును కుమారునితో సమానమైన హక్కు కలదు. కావున ఈ విచారణలో ఆడబిడ్డలను గూడ కూర్చుండబెట్టుకొనవలెను. వారిని విడిచి చేసిన నిర్ణయము పిదప న్యాయస్థానమునకు దారితీయవచ్చును.

పెద్దలు జీవించియుండగనే, ఏటేట క్రొత్త ఖాతా తెరచునాడు, ఇంటివారందరు కలిసి ఆ యేటి గమ్యమును మొదటి పుటయందు వ్రాసికొందురుగాక. ఏడాది చివర ఆ పుటయే తీర్పరి యగును.