రైలు పోయినా దారి ఉండాలి

పట్టాలు పీకేస్తే మళ్ళీ వేసుకోవచ్చు. వాటి కింది నేల చేజారితే మాత్రం ఆ దారి తిరిగి దొరకడం కష్టం. ఇంగ్లండు పల్లెల్లో మూతపడిన రైలు మార్గాలనూ, యుద్ధం ముగిశాక పని లేకుండా పోయిన సైనిక విమానాశ్రయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నష్టాలు తగ్గాలంటే 2,363 స్టేషన్లు, దాదాపు 5,000 మైళ్ళ మార్గం మూసెయ్యాలని 1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ చెప్పాడు. చాలావరకు మూశారు కూడా. ఆ తర్వాత ఎన్నో చోట్ల కట్టలను చదును చేసి పొలాల్లో కలుపుకున్నారు, వంతెనలు విప్పేశారు, స్టేషను స్థలాల్లో ఇళ్ళు లేచాయి. విమానాశ్రయాల కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్‌లో అవి సుమారు 700. బాంబర్ల కోసం కట్టిన వాటిలో చాలావరకు ఒకటే నమూనా: 2,000 గజాల ప్రధాన రన్‌వే, 1,400 గజాలవి మరో రెండు, అన్నీ కాంక్రీటువే. సిల్వర్‌స్టోన్‌లో ఉన్న అలాంటి విమానాశ్రయంలో 1948 నాటికే కార్ల పందాలు మొదలయ్యాయి. నార్ఫోక్‌లోని హెథెల్‌కు లోటస్ కార్ల కంపెనీ వచ్చింది. అదే కౌంటీలో అట్టిల్‌బ్రిడ్జ్ రన్‌వేల మీద టర్కీ కోళ్ళ షెడ్లు వెలిశాయి. బాంబర్లు ఎగిరిన చోట కోళ్ళా అని నవ్వుకోవచ్చు గానీ, అంత గట్టి గచ్చు ఊరికే దొరుకుతుందా!

విమానాశ్రయంలో సగం అమ్మేసినా మిగతా సగం పనికొస్తుంది. రైలు దారి చేదతాడు లాంటిది. నడుమ ఒక్కచోట తెగితే మిగిలిన పొడవు ఎంతున్నా నీళ్ళు అందవు. కేంబ్రిడ్జ్ పరిసరాల్లో దీనికి రుజువుంది. అక్కడినుంచి సెయింట్ ఐవ్స్‌కు వెళ్ళే లైనులో ప్రయాణికుల బళ్ళు 1970లో ఆగిపోయినా, ఇసుక గూడ్సులు 1990ల ఆరంభం దాకా నడిచాయి. ఆ ఇసుక పుణ్యమా అని దారి చెక్కుచెదరలేదు. 2011లో దానిమీదే గైడెడ్ బస్సు మార్గం వచ్చింది. బస్సు ముందు చక్రాల పక్కనుండే చిన్న చక్రాలు రెండువైపులా కాంక్రీటు అంచులకు ఆనుకొని దొర్లుతుంటాయి. డ్రైవరు స్టీరింగు తిప్పనక్కర్లేదు. దారి పక్కనే ఉన్న ఓకింగ్టన్ పాత వైమానిక స్థావరంలో ఇప్పుడు నార్త్‌స్టో పట్టణం లేస్తోంది. పదివేల ఇళ్ళు కట్టాలన్నది ప్రణాళిక. బస్సు కాదు, రైలే మళ్ళీ రావాల్సిందని వాదించినవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో పస లేకపోలేదు. అయితే ఆ వాదనకైనా అక్కడ దారంటూ మిగిలింది.

కేంబ్రిడ్జ్ నుంచి పడమరగా బెడ్‌ఫర్డ్ మీదుగా ఆక్స్‌ఫర్డ్ వెళ్ళే లైనుకు ఆ అదృష్టం సగమే దక్కింది. బీచింగ్ మూసెయ్యమన్న జాబితాలో ఇది లేదు; అయినా 1967 చివరికల్లా చాలా భాగం మీద ప్రయాణికుల బళ్ళు ఆగిపోయాయి. పడమటి కొసన, పొలాల మధ్య వెర్నీ జంక్షన్ ఉండేది. చెప్పుకోదగ్గ ఊరేదీ లేకపోవడంతో భూస్వామి హ్యారీ వెర్నీ పేరే దానికి పెట్టారు. 1936 దాకా లండన్ మెట్రోపాలిటన్ లైను బళ్ళు అంతదూరం వచ్చేవి. జంక్షన్ పోయింది గానీ ఆక్స్‌ఫర్డ్ లైను నేల రైల్వే చేతిలోనే ఉండటంతో 2024 నాటికి అటుగా కొత్త పట్టాలు పడ్డాయి. తూర్పు కొసన అలా కుదరలేదు. లార్డ్స్ బ్రిడ్జ్ దగ్గర తూర్పు పడమరలుగా తిన్నగా సాగే పాత రైలు దారిని 1970ల ఆరంభంలో రేడియో టెలిస్కోపు ఆక్రమించింది. 13 మీటర్ల డిష్‌లు ఎనిమిది. వాటిలో నాలుగు పట్టాల మీద జరుగుతాయి.

మరి సైన్సుకు ఉపయోగపడటం తప్పా? కాదు. ఆ టెలిస్కోపు వెనకున్న ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్ 1974లో నోబెల్ అందుకున్నాడు. పాత రైలు దారుల మీద లేచిన ఇళ్ళ వరసలకు ఆ సమర్థన కూడా లేదు. నడవని రైలు కోసం నేలను పట్టుకు కూర్చోవడం దండగన్నది రెండో అభ్యంతరం. వంతెనల మరమ్మతుకు ఖర్చవుతుంది, నిజమే. కానీ రైలు నడపడానికయ్యే ఖర్చు వేరు, నేలను అమ్మకుండా ఉంచడానికయ్యేది వేరు. మూతపడిన మార్గాన్ని నడకదారిగా వాడుకుంటూ, అవసరమైతే మళ్ళీ రైలుకు ఇచ్చేలా 1983లో అమెరికా చట్టం చేసింది. ఇంగ్లండులోనూ పాత దారులు కొన్ని సైకిలు బాటలయ్యాయి. ఆ పని అంతటా ముందుగానే జరిగి ఉంటే, ఇప్పుడు బెడ్‌ఫర్డ్ నుంచి కేంబ్రిడ్జ్‌కు టెంప్స్‌ఫర్డ్, కేంబోర్న్‌ల మీదుగా కొత్తగా నేల వెతుక్కునే పని ఇంతలా ఉండేది కాదు.