తోడు లేని యాత్రకు ముందుచూపు

మన దేశమున యాత్ర యనగానే పరివారము జ్ఞప్తికి వచ్చును. ఏనుగుల వీరాస్వామి 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరినపుడు బంధువులు, పరిచారకులు, పల్లకి మోయు బోయీలు కలిసి దాదాపు నూరుమంది ఆయన వెంట నడచిరి. నేడు పల్లకులు లేవు, బోయీలు లేరు; అయినను తోడు లేనిదే ఊరు కదలరాదను భావము మాత్రము మనలను విడువలేదు. ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లలు దూరదేశములకు పోగా ఇంట మిగిలినవారు, భర్తనో భార్యనో కోల్పోయినవారు, వివాహము కాని యువతీయువకులు - వీరిలో ఎందరో "తోడు దొరికిన నాడు పోదము" అనుకొనుచు సంవత్సరములు గడపుచుందురు. తోడు వచ్చువారికి తీరిక కలిగిన నాడు తమకు ఓపిక ఉండదు. తమకు ఓపిక ఉన్న నాడు వారికి తీరిక ఉండదు. చూడవలెనను కోరిక కోరికగానే మిగిలిపోవును.

ఒంటరి ప్రయాణమున కొరత యున్న మాట నిజమే. స్నానమునకు పోయినపుడు సామాను కనిపెట్టి యుండువారు లేరు. జ్వరము వచ్చినచో మందు తెచ్చువారు లేరు. దారి తప్పినపుడు ఆలోచన చెప్పువారు లేరు. అయితే దీనికి సాటియైన లాభము కూడ ఒకటి కలదు. కాలమంతయు మనదే. ఒక శిల్పము ముందు గంటసేపు నిలిచినను "ఇక పోదము రండి" అని తొందరపెట్టువారుండరు. కావున ఒంటరివాని ప్రయాణ ప్రణాళిక రెండు పనులు చేయవలెను: తోడు లేని కొరతను తీర్చవలెను, తోడు లేకపోవుటచే కలిగిన స్వేచ్ఛను చెడగొట్టకుండవలెను. మనలో పలువురు మొదటిదానిని మరచి, రెండవదానికి హాని చేయుదురు. ఆరు దినములలో ఆరు పట్టణములు చూడవలెనని పట్టిక వ్రాసికొని, రోజుకొక గది, రోజుకొక బండి మారుచు, చూచినది జ్ఞాపకము లేక ఇల్లు చేరుదురు.

మాటను ఉదాహరణముతో స్పష్టము చేసెదను. తెలుగువారికి భాషచేతను చరిత్రచేతను దగ్గరయైన కావేరీ తీరమును, మధురను ఆరు దినములలో ఒక్కరుగా చూచి వచ్చుట ఎట్లో ఆలోచింతము. తిరుచిరాపల్లి, శ్రీరంగము, తంజావూరు, తిరువయ్యారు, మధుర - ఇవి చూడవలసిన చోట్లు ఐదు. పడకలు మాత్రము రెండే: తిరుచిలో మూడు రాత్రులు, మధురలో రెండు రాత్రులు. ఇదియే ఈ ప్రణాళికకు కీలకము. ఊళ్ళను గాక, గది మారవలసిన పర్యాయములను లెక్కించుకొనవలెను. గది మారిన ప్రతి పర్యాయము సామాను సర్దుట, వాహనము వెదకుట, క్రొత్త గది కుదుర్చుకొనుట - సగము దినము వ్యయమగును. ఇద్దరుండిన ఈ శ్రమను పంచుకొందురు. ఒక్కరైనచో అంతయు ఒకరి భుజముల మీదనే పడును. పైగా ఒక్కరున్నను ఇద్దరున్నను గది అద్దెలో పెద్ద భేదముండదు. ఒకే చోట మూడు రాత్రులు నిలుచువారికి లాడ్జీ యజమాని కొంత తగ్గించుటయు కలదు.

విజయవాడ నుండి చెన్నై సుమారు 430 కిలోమీటర్లు. రాత్రి బండిలో పోయినచో తెల్లవారుసరికి సెంట్రల్ స్టేషను చేరవచ్చును. ఈ స్టేషనునకు 2019లో ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టిరి. టిక్కెట్టుపై ఆ పేరు కనిపించినచో కలవరపడవలదు. దక్షిణమునకు పోవు బండ్లు ఎక్కువగా ఎగ్మోరు నుండి, కొన్ని తాంబరము నుండి కదలును. ఏ స్టేషనో టిక్కెట్టుపై చూచుకొనవలెను. సెంట్రలునకు ఎగ్మోరునకు నడుమ మెట్రో రైలున ఒకటే స్టేషను దూరము. బస్సున పోదలచువారు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను: దక్షిణ జిల్లాలకు పోవు బస్సుల కొరకు నగరమునకు వెలుపల కిలాంబాక్కములో 2023 డిసెంబరులో క్రొత్త బస్సు స్టాండు తెరచిరి. అది సెంట్రలునకు చాల దూరము.

ఎగ్మోరు నుండి తిరుచి సుమారు 340 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బండికి ఐదు గంటల ప్రయాణము. చీకటి పడకముందే చేరు బండిని ఎన్నుకొనుట మేలు. క్రొత్త ఊరిని మొదట వెలుగులో చూడవలెను. ఇది స్త్రీలకే కాదు, అందరకును వర్తించును.

రెండవ దినము ఉదయము శ్రీరంగము. ఇచ్చట దక్షిణాది యాత్రకు మూలసూత్రమొకటి చెప్పవలెను. పెద్ద దేవాలయములలో పలుచోట్ల మిట్టమధ్యాహ్నము గర్భగుడి తలుపులు మూసి, తిరిగి సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున తెరచెదరు. అందుచే దినమును రెండు ముక్కలుగా విభజింపవలెను: ఉదయము ఆలయము, మధ్యాహ్నము విశ్రాంతి లేక కొలువుకూటములు, మ్యూజియములు, సాయంకాలము మరల ఆలయము. శ్రీరంగము కావేరి, కొల్లిడము అను రెండు పాయల నడుమ నున్న దీవి. ఏడు ప్రాకారములలో వెలుపలివాటియందు ఇండ్లు, అంగళ్ళు, వీధులు కలవు. ఊరే గుడిలో నున్నదన్నను తప్పులేదు. 1987లో పూర్తియైన రాజగోపురము ఎత్తు సుమారు 72 మీటర్లు. సాయంకాలము, రాతి వేడి తగ్గిన పిమ్మట, ఊరి నడుమ నున్న మలైక్కోట్టై కొండ ఎక్కవచ్చును. మెట్లు నాలుగు వందలకు పైగా కలవు. మోకాళ్ళ నొప్పులున్నవారు సగములోనే కూర్చుండినను నష్టము లేదు. ఆగుమని గాని ఎక్కుమని గాని చెప్పువారు లేకపోవుట ఇట్టిచోట సుఖముగా నుండును.

మూడవ దినము తంజావూరు. తిరుచి నుండి సుమారు 50 కిలోమీటర్లు. రైళ్ళును బస్సులును తరచుగా నడచును. పెద్ద సంచి తిరుచి గదిలోనే యుండును. చేత చిన్న సంచి చాలును. రెండు పడకల ప్రణాళిక ఫలము ఈ దినమున బాగుగా తెలియును. ఉదయమే బృహదీశ్వరాలయము చేరవలెను. మొదటి రాజరాజచోళుడు 1010లో పూర్తిచేయించిన ఈ ఆలయమును యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గుడి మూసిన మధ్యాహ్న సమయమున రాజభవనము చూడవచ్చును. ఇది తెలుగువానికి పరాయి చోటు కాదు. 1532 మొదలు 1673 వరకు ఇచ్చట నాయకరాజులు ఏలిరి. వారి కొలువున తెలుగే కావ్యభాషగా వెలసినది. రఘునాథ నాయకుడు స్వయముగా కవి. చేమకూర వెంకటకవి విజయవిలాసము వెలసినది ఆయన కొలువులోనే. విజయరాఘవ నాయకుని కాలమున రంగాజమ్మ రచనలు చేసినది. వారి తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు కూడ తెలుగును విడువలేదు. శహాజీ తెలుగున యక్షగానములు రచించెను. భవనములోని సరస్వతీమహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్ర ప్రతులు భద్రముగా నున్నవి. దీనిని మిక్కిలి వృద్ధిచేసినవాడు 1798 మొదలు 1832 వరకు నున్న రెండవ సర్ఫోజీ. వారపు సెలవు ఏ దినమో ముందుగా విచారించి, ఆ దినమును తప్పించుకొనవలెను. ఒక్క సెలవు దినము దూరప్రయాణమును వ్యర్థము చేయగలదు.

ఎండ తగ్గగానే 13 కిలోమీటర్ల దూరమున నున్న తిరువయ్యారు పోవలెను. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి అచ్చట కావేరి ఒడ్డున నున్నది. ఆ సమాధికి మందిరము కట్టించిన పుణ్యము బెంగుళూరు నాగరత్నమ్మది. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనకు దేశము నలుమూలల నుండి గాయకులు వత్తురు. ఆ దినములలో తంజావూరులో బస దొరకుట కష్టము. తెలుగు మాటాడుట రానివారు సైతము తెలుగు కీర్తనలను భక్తితో పాడుచుండగా, ఆ భాష ఇంట పుట్టినవాడు ఒడ్డున ఒంటరిగా కూర్చుండి వినుట ఒక అనుభవము. ప్రక్కన మాటాడువారు లేనందున పాట మరింత స్పష్టముగా వినిపించును.

నాలుగవ దినము సావకాశముగా లేచి మధుర పోవలెను. తిరుచి నుండి రైలు మార్గమున సుమారు 155 కిలోమీటర్లు, రెండు మూడు గంటల ప్రయాణము. ఆ సాయంకాలము మీనాక్షి ఆలయము. అచ్చట సెల్‌ఫోను లోనికి తీసికొని పోనీయరు. వెలుపల అప్పగించి చీటీ పుచ్చుకొనవలెను. తోడున్నవారికి ఇది చిన్న విషయము. ఒంటరివానికి టిక్కెట్టు, గది చిరునామా, ఇంటివారి నంబర్లు అన్నియు ఆ ఫోనులోనే యుండును. కావున బయలుదేరుటకు ముందే ఇవన్నియు ఒక కాగితముపై వ్రాసి జేబులో నుంచుకొనవలెను. ఆ కాగితపు నకలొకటి ఇంట నుండవలెను. ప్రతి రాత్రి ఒక నియతమైన వేళకు ఇంటికి ఫోను చేయుట మరువరాదు.

ఐదవ దినము తిరుమల నాయకుని మహలు చూడవలెను. తన రాజధానిని తిరుచి నుండి మధురకు మార్చిన ఈ ప్రభువు 1636లో కట్టించిన భవనములో నేడు మిగిలినది కొంత భాగమే; అయినను ఆ స్తంభముల లావు చూచి ఆశ్చర్యపడుదుము. రాణి మంగమ్మ భవనమున 1959లో నెలకొన్న గాంధీ మ్యూజియమును తప్పక చూడదగినది. గాంధీమహాత్ముడు 1921 సెప్టెంబరులో కొల్లాయి కట్టుట ఆరంభించినది ఈ మధురలోనే. రాత్రి మరల ఆలయమునకు పోయినచో, సుందరేశ్వరస్వామిని పల్లకిలో అమ్మవారి శయనమందిరమునకు కొనిపోవు సేవ చూడవచ్చును. ఆరవ దినము ఉదయపు బండిలో బయలుదేరినచో మధ్యాహ్నమునకు చెన్నై చేరి, రాత్రి బండిలో ఇంటిదారి పట్టవచ్చును. ఈ రెండు బండ్ల నడుమ ఐదారు గంటల వ్యవధి ఉంచుకొనవలెను. మొదటి బండి ఆలస్యమైనచో రెండవదానిని ఆపుటకు ముందు పరుగెత్తువారు మనకు లేరు కదా!

ఇక కాలనిర్ణయము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ ప్రాంతమున ఈశాన్య ఋతుపవన వర్షములు. మే మాసమున ఎండ దుర్భరము. సంక్రాంతి రద్దీ తగ్గిన పిమ్మట ఫిబ్రవరి కడపటి వరకు అనుకూలమైన కాలము. 2024 నవంబరు నుండి రైలు రిజర్వేషను 60 దినములు ముందుగా మాత్రమే దొరకును. 60 సంవత్సరములు నిండిన పురుషులకును, 45 నిండిన స్త్రీలకును ఒంటరిగా పోవునపుడు క్రింది బెర్తు కోటా కలదు. టిక్కెట్టు కొనునపుడే అది అడుగవలెను. బెర్తు ఖాయము కాని టిక్కెట్టును నమ్మి ప్రయాణము పెట్టుకొనరాదు.

సామాను ఒక్క చేతితో మోయగలిగినంతయే యుండవలెను. స్టేషను క్లోకురూములో ఉంచుటకు సంచికి తాళము తప్పనిసరి. ధనమును రెండు చోట్ల దాచవలెను. ఒక్కరికి గది ఇచ్చుటకు కొన్ని లాడ్జీలవారు సంశయింతురు. ముందుగా ఫోను చేసి నిర్ధారణ చేసికొని, గుర్తింపు కార్డు అసలు ప్రతిని వెంట నుంచుకొనవలెను. రైలులో సహాయమునకు 139, ఏ ఆపదకైనను 112, స్త్రీలకు 181 - ఈ మూడు సంఖ్యలు కంఠస్థముగా నుండవలెను. బస్సుల పలకలు ఎక్కువగా అరవమున నుండును గనుక "తంజావూరు పోగుమా?" అని అడుగుట నేర్చినచో సగము దిగులు తీరును.

కొసకు ఒక మాట. ప్రణాళికలో ప్రతి దినము ఒక పూట ఖాళీగా విడువవలెను. అలసినచో నిద్రించుటకు, నచ్చిన చోటికి రెండవమారు పోవుటకు, బండి తప్పినచో సర్దుకొనుటకు ఆ పూట ఉపయోగించును. ఆరు దినములు మొదట భయమనిపించినచో ఒకే ఊరు, రెండు రాత్రులతో ఆరంభింపవచ్చును. తోడు కొరకు ఎదురుచూచుట తప్పు కాదు. కాని తోడు వచ్చునంతవరకు కోరిక పెట్టెలో పెట్టి తాళము వేయనవసరము లేదు. తగిన ముందుచూపు ఉన్నచో ఒంటరి ప్రయాణము సాహసము కాదు, సాధారణమైన పనియే.