వార్తల్లో పదం: హోమ్ గ్రో

జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి 18 ఏళ్లు నిండినవారు సొంత వాడకానికి ఇంట్లోనే, ఒకేసారి మూడు గంజాయి మొక్కల దాకా పెంచుకోవచ్చు. దీన్నే హోమ్ గ్రో అంటున్నారు. కనీసం ఆరు నెలలుగా అక్కడ నివాసం ఉండాలి, మొక్కలు పిల్లలకు అందకూడదు. పండినదాన్ని పక్కింటివాళ్లకు ఊరికే ఇచ్చినా తప్పే.

విత్తనం దగ్గర మాత్రం చట్టం కాస్త మెత్తబడింది. మిరియపు గింజంత, గోధుమరంగు పెంకు మీద ముదురు చారలతో ఉండే ఆ గింజలో మత్తు దాదాపు ఉండదు. పెంకు చీలి తెల్లటి వేరు తొంగిచూసి, మొక్క ఎదిగి, ఆడ మొక్కై పూత వేశాకే అసలు సంగతి. అందుకే ఈయూ దేశాల నుంచి విత్తనాలు తెప్పించుకోనిచ్చారు. సభ్యులు కలిసి గంజాయి పండించుకునే సాగు సంఘాలైతే మనిషికి నెలకు 7 విత్తనాలకు మించి ఇవ్వకూడదు.

మన దేశంలోని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమూ (ఎన్‌డీపీఎస్), పూత కొసలు కలవని గింజను గంజాయిగా లెక్కించదు. ఉత్తరాఖండ్‌లోని కుమావూ ఇళ్లలో వాటిని వేయించి, నూరి చట్నీ చేస్తారు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో వాటిని ఆహారంగా అనుమతించింది కూడా. కానీ అదే గింజను కుండీలో నాటారా, కేసే! లైసెన్సు లేని సాగుకు సెక్షన్ 20 కింద పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎన్ని మొక్కలైతే నేరం అన్న లెక్క అందులో లేదు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు చూసుకోవాల్సింది ఇంకొకటుంది: మన ఎన్‌డీపీఎస్ చట్టం విదేశాల్లోని భారత పౌరులకూ వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే రాశారు.